మెంగ్ మాస్టారి ‘ఎవరు?’

మెంగ్ మాస్టారికి ఈ లోకంలో ఒక్కటే గిట్టదు: కర్త లేని వాక్యం. ‘ద్రవం వేడిచేయబడినది’ అని కనిపించిందంటే చాలు, చెవి మీది ఎర్ర పెన్సిలు చేతిలోకి వచ్చేది. ఆ వాక్యం పక్కన పెద్ద అక్షరాలతో ‘ఎవరు?’ అని పడేది. కాగితం వరకే అయితే ఎవరికీ ఇబ్బంది లేదు. కాగితం మీది వాక్యానికీ, మనుషుల నోట్లోంచి వచ్చే వాక్యానికీ ఆయనకు తేడా తెలియకపోవడమే అసలు చిక్కు.

కొరియాలోని తేజన్ నగరంలో, సిటీబస్సులో ‘ఇప్పుడు తలుపులు మూయబడును’ అని రికార్డు మోగేది. వెంటనే వెనక సీట్లోంచి ‘ఎవరు?’ అని కేక. డ్రైవరుకు మొదట్లో ఒళ్లు మండేది. పోనుపోను అలవాటైపోయి, అద్దంలోంచి వెనక్కి చూస్తూ “నేనే మూస్తున్నా పెద్దాయనా, ముందు మీరు కూర్చోండి” అనేవాడు. “అలా చెప్పు” అని అప్పుడు కూర్చునేవారు మాస్టారు.

పళ్ల డాక్టరు దగ్గర ఇంకా ఘోరం. “ఈ దవడ పన్ను తీసివేయబడుతుంది” అన్నాడట ఆయన. మాస్టారి నోట్లో రెండు దూది ఉండలు, ఒక గొట్టం. అయినా సరే “ఎహఉ?” అని అడిగారట. “మీరు నోరు మూస్తే... అదే, తెరిస్తే, నేనే” అన్నాడట డాక్టరు.

మేనల్లుడి పెళ్లిలో ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని, “ఈ శుభదినాన వీరిద్దరూ ఒకటి చేయబడ్డారు” అన్నాడు గంభీరంగా.

“ఎవరు చేశారు?” అని వెనక వరుసలోంచి వినిపించింది.

పెళ్లికూతురి తండ్రి మొహం ఎర్రబడింది. ఇంతలో మూడో వరుసలోంచి గులాబీ రంగు పట్టు హన్‌బోక్ గౌను వేసుకున్న ఒకావిడ దిగ్గున లేచింది. “నేనే! ఈ సంబంధం కుదిర్చింది నేను. రెండేళ్లు తిరిగాను. పొద్దుట్నుంచీ ఒక్కరైనా నా పేరెత్తారా?” అంది. హాలంతా చప్పట్లు కొట్టింది. భోజనాల దగ్గర ఆవిడ తన వాటా మాంసం ముక్కలన్నీ తీసి మాస్టారి గిన్నెలో వేసింది.

ఇలాంటి మనిషి దగ్గర పని నేర్చుకోవడానికి చేరింది ఓక్ యున్‌సిల్. ఇరవై ఆరేళ్ల పిల్ల. రసాయనశాస్త్రం చదివింది, ఇంగ్లీషు దిట్టంగా వచ్చు. తేజన్ నిండా పరిశోధన సంస్థలే కదా. వాటి పత్రాలు, కరదీపికలు అనువదించి, దిద్ది, మనుషులు చదవగలిగేలా చేసి ఇచ్చే ఆఫీసు మాస్టారిది. కల్‌గుక్సు అనే సేమ్యా పులుసు అమ్మే దుకాణం మీద రెండు గదులు. కింద సేమ్యా ఉడుకుతుంటే పైన అద్దాలకు ఆవిరి పట్టేది.

మొదటి రోజు మెట్లెక్కబోతుంటే దుకాణం పిన్ని ఆపింది.

“పైకేనా? నువ్వు ఎనిమిదో దానివమ్మా. అందరికన్నా ఎక్కువ కాలం ఉన్నవాడు పదకొండు రోజులున్నాడు. మానేసేటప్పుడు నాకు చెప్పి వెళ్లు. వాడు పోతూ పోతూ నా గొడుగు పట్టుకుపోయాడు.”

“నేను మానెయ్యను పిన్నీ” అంది యున్‌సిల్.

“వాడూ ఇదే అన్నాడు.”

సాయంత్రానికి యున్‌సిల్ మొదటి పేజీ తిరిగొచ్చింది. అందులో నలభై ఒక్క ‘ఎవరు?’లు ఉన్నాయి. పేజీలో ఉన్నవి ముప్ఫై ఎనిమిది వాక్యాలే. మిగతా మూడూ బొమ్మల కింది మాటలకు పడ్డాయి.

“మాస్టారూ, ఇది శాస్త్రం. శాస్త్రంలో ఇలాగే రాస్తారు” అంది.

“ఎవరు?”

“అందరూ.”

“అందరూ అంటే?”

“మా ప్రొఫెసర్లు.”

“వాళ్లకెవరు నేర్పారు?”

“వాళ్ల ప్రొఫెసర్లు.”

“అంటే ఇదో అంటువ్యాధి అన్నమాట” అని ముక్కు మీది కళ్లజోడు నుదుటి మీదికీ, నుదుటి మీది కళ్లజోడు ముక్కు మీదికీ మార్చుకున్నారు మాస్టారు. ఒకటి చదవడానికి, ఒకటి మనుషుల్ని చూడ్డానికి. “రేపు ఎనిమిదింటికి రా.”

యున్‌సిల్ ఇంటికి వెళ్లి ఏడవలేదు. ఆ పేజీ ముందు పెట్టుకుని ఒక ఒట్టు వేసుకుంది. ఒక్కటంటే ఒక్క ‘ఎవరు?’ కూడా లేని పేజీ ఆ పెద్దాయన చేతిలో పెట్టాలి. మానేస్తే ఆ తర్వాతే మానెయ్యాలి. గోడ మీది క్యాలెండరులో ఆనాటి గడిలో 41 అని రాసింది.

మర్నాడు ఒక ఉపాయం పన్నింది. ప్రతి వాక్యంలోనూ ‘మేము’ పెట్టింది. మేము ద్రవాన్ని వేడిచేశాము. మేము చల్లార్చాము. మేము వడగట్టాము. ఇక అడగడానికి ఏముంటుంది?

పేజీ తిరిగొచ్చింది. ‘మేము అంటే ఎవరు? ఎంతమంది? అంతమందీ కలిసి ఒకే గరిటె పట్టుకున్నారా?’

క్యాలెండరులో 44.

మూడో వారంలో ఒక వింత గమనించింది. ‘నీరు మరిగింది’ అన్న వాక్యం పక్కన ఏ గుర్తూ లేదు. పొరపాటున వదిలేశారేమోనని పట్టుకెళ్లి చూపించింది.

“దీనికి అడగలేదేం మాస్టారూ?”

“ఎందుకడగాలి? మరిగింది నీరు. నీరు తన పని తాను చేసుకుంటుంటే మధ్యలో నేనెవర్ని?”

“మరి ‘నీరు మరిగించబడినది’ అంటే?”

“అప్పుడు అక్కడో మనిషున్నాడు. పొయ్యి వెలిగించాడు. గిన్నె పెట్టాడు. నువ్వు వాణ్ని తలుపు వెనక దాచావు. అమ్మాయీ, చదివినవాడు లేచి వెళ్లి ఆ పని చెయ్యగలగాలి. చెయ్యలేకపోతే నువ్వు రాసింది వాక్యం కాదు, పొగమంచు.”

ఆ రోజు నుంచి యున్‌సిల్ పద్ధతి మార్చింది. వాక్యం రాసేముందు కళ్లు మూసుకుని ఆ గదిని ఊహించుకునేది. బల్ల ఎక్కడుంది? సీసా ఎవరి చేతిలో ఉంది? కనిపించకపోతే కలం కదిపేది కాదు. క్యాలెండరులో అంకెలు దిగడం మొదలుపెట్టాయి. 29. 22. 17. పదకొండు రోజులూ దాటిపోయాయి, పదకొండు వారాలూ దాటిపోయాయి. పిన్ని ఆశ్చర్యపోయి ఆమె గిన్నెలో ఒక గుప్పెడు నత్తగుల్లలు ఎక్కువ వెయ్యసాగింది.

వేసవిలో హామ్ ప్రొఫెసరు పత్రం ఒకటి వచ్చింది. ఈస్టు మీద. అందులో ‘సీసా ఇరవై నిమిషాలు కుదపబడినది’ అని ఉంది. యున్‌సిల్ కళ్లు మూసుకుంది. బల్ల కనిపించింది, సీసా కనిపించింది, కుదిపేవాళ్లు కనిపించలేదు.

“యంత్రమో మనిషో నాకెలా తెలుస్తుంది మాస్టారూ?”

“ఫోనుంది కదా.”

ప్రొఫెసరు ఫోనెత్తి విసుక్కున్నాడు. “ఎవరు కుదిపారేమిటి? యంత్రం! సీసాలు కుదిపే యంత్రం!” అన్నాడు. ఎందుకో అనుమానం వచ్చి, ఫోను పక్కన పెట్టకుండానే “ఏమమ్మా, యంత్రమే కదా?” అని కేకేశాడు.

దూరం నుంచి ఒక ఆడగొంతు వినిపించింది. “ఏ యంత్రమండీ? అది మార్చి నెల నుంచీ పాడైపోయి ఉంటే! చేత్తో కుదిపాను. నూట అరవై సీసాలు. కుడి చెయ్యి జుట్టు దువ్వుకోవడానికి కూడా లేవట్లేదు.”

తన పద్ధతి చూసి వేరే ఊరి ల్యాబు వాళ్లు చేస్తున్న ప్రయోగం ఎందుకు కుదరడం లేదో ప్రొఫెసరుకు ఆ క్షణంలో అర్థమైంది. వాళ్లు యంత్రంతో కుదుపుతున్నారు.

“ఆవిడ పేరేమిటండీ?” అంది యున్‌సిల్.

“తాక్ మల్‌సున్. ఏం? ల్యాబు మనిషి పేరు పత్రంలో పెడతారా ఏమిటి?”

మాస్టారు చెయ్యి చాపి ఫోను తీసుకున్నారు. “ప్రొఫెసరు గారూ, మీరు కుదిపారా?”

“లేదు.”

“మీ పేరు పత్రంలో ఉందా?”

“...ఉంది.”

“సరే మరి” అని ఫోను పెట్టేశారు.

పత్రంలో ఆ వాక్యం ఇలా అచ్చయింది: ‘తాక్ మల్‌సున్ ప్రతి సీసానూ ఇరవై నిమిషాల పాటు, నిమిషానికి అరవై సార్ల చొప్పున, చేత్తో కుదిపింది.’

శరదృతువు వచ్చేసరికి పెద్ద పని తగిలింది. పళ్ల నిల్వ పరిశోధన సంస్థ బేరి పళ్ల రైతుల కోసం ఒక కరదీపిక వేస్తోంది. చల్లటి గిడ్డంగిలో పళ్లు పాడవకుండా ఎలా కాపాడుకోవాలో చెప్పే పుస్తకం. రెండొందల పేజీలు, ఇంగ్లీషు నుంచి. యున్‌సిల్ రెండు నెలలు తల ఎత్తలేదు. ఒక రోజంతా గిడ్డంగిలో దుప్పటి కప్పుకుని కూర్చుని, ఏ మర ఎవరు తిప్పుతారో రాసుకొచ్చింది. అంకె ఆరుకు దిగింది. నాలుగు. రెండు.

నూట పదిహేడో పేజీ మాస్టారి బల్ల మీద చాలాసేపు ఉంది. ఎర్ర పెన్సిలు పైనుంచి కిందికి వచ్చింది, కింద నుంచి పైకి వెళ్లింది. ఎక్కడా ఆగలేదు. మాస్టారు కళ్లజోళ్లు మార్చుకుని యున్‌సిల్‌ను చూశారు, మళ్లీ మార్చుకుని పేజీని చూశారు. కిటికీ తెరిచి కిందికి వంగి, “పిన్నీ! ఈ అమ్మాయికో గిన్నె! పెద్దది!” అని అరిచారు.

ఆ రాత్రి గోడ మీది క్యాలెండరులో రాసిన సున్నాను యున్‌సిల్ నీలం సిరాతో మూడుసార్లు దిద్దింది. మానేసే సంగతి ఆమెకు గుర్తు కూడా రాలేదు.

పుస్తకం అచ్చయి వచ్చింది. సోమవారం పొద్దున యున్‌సిల్ కొత్త కాగితం వాసన చూసి, నేరుగా నూట పదిహేడో పేజీ తీసి, గొంతెత్తి చదువుకుంది: ‘గిడ్డంగిలో కార్బన్ డయాక్సైడ్ 5 శాతం దాటగానే గిడ్డంగి కాపరి లోపలి గాలి బయటికి పోయేలా గాలి మర తిప్పాలి.’ కర్త ఉన్నాడు. క్రియ ఉంది. చదివినవాడు లేచి వెళ్లి చెయ్యగలడు.

5 అన్న అంకెను ఇంకోసారి చూసింది. ఇంగ్లీషు ప్రతి తీసి చూసింది. అందులో ఉన్నది 0.5.

ఐదు శాతం దాకా కాపరి చేతులు కట్టుకుని కూర్చుంటే బేరి పళ్లు పైకి నిగనిగలాడుతూనే ఉంటాయి. కోస్తే లోపల గుండె గోధుమరంగులో కుళ్లి ఉంటుంది. ఏడాది పంట. శనివారం రైతుల సభ. ఆ సభలో పంచడానికి మూడు వేల పుస్తకాలు కట్టలు కట్టి సిద్ధంగా ఉన్నాయి.

ఆ పేజీని ఇక ఎవరూ చూడకపోవచ్చు అన్న ఆలోచన ఒక్క క్షణం వచ్చింది. ఆ క్షణానికే ఆమెకు సిగ్గేసింది. లేచి వెళ్లి, “మాస్టారూ, నూట పదిహేడులో తప్పుంది” అని చూపించింది. చూపించి, ఆ మాట కోసం ఎదురుచూసింది.

మాస్టారు అడగలేదు. కోటు తొడుక్కుని, “పద” అన్నారు.

సంస్థ డైరెక్టరు గూక్ గారు మంచివాడే, కానీ మాస్టారి ఎర్ర పెన్సిలుతో పదకొండేళ్లుగా నలిగిపోయిన మనిషి. పంపిన ప్రతి ఉత్తరమూ దిద్దుబాటుతో తిరిగొచ్చేది, మిరప్పొడి చల్లినట్టు ఎర్రెర్రగా. ఆయన పేజీ చూశాడు. ఇంగ్లీషు ప్రతి చూశాడు. పుస్తకాన్ని బల్ల మీద పడేశాడు.

“ఎవరు చేశారిది?”

యున్‌సిల్ నోరు తెరిచింది. ఆమె కన్నా ముందు మాస్టారు గొంతు సవరించుకున్నారు.

“బిందువు వదిలివేయబడినది” అన్నారు.

గూక్ గారు తన చెవుల్ని తానే నమ్మలేదు. “ఏమన్నారు?”

“వదిలివేయబడినది.”

“ఎవరిచేత?”

“ముద్రణకు పూర్వం వదిలివేయబడినది. అందుకు విచారం వ్యక్తపరచబడుతున్నది.”

ప్రాణమున్న ఆక్టోపస్‌ను నమలకుండా మింగుతున్నట్టుంది మాస్టారి మొహం. చెవులు ఎర్రగా కందిపోయాయి. గూక్ గారి కోపం సగానికి సగం ఆవిరైపోయింది. కుర్చీలో వెనక్కి వాలాడు.

“మాస్టారూ! పదకొండేళ్ల నుంచి ఈ రోజు కోసం చూస్తున్నాను. నన్ను అడగనివ్వండి. ఎవరు?”

మాస్టారు పైకప్పు వంక చూశారు. “కచ్చితంగా నిర్ధారించబడలేదు.”

యున్‌సిల్ ఇక ఓర్చుకోలేకపోయింది. లేచి నిలబడింది. “నేను సార్. సున్నానీ బిందువునీ నేనే వదిలేశాను. క్రియలు చూసుకుంటూ అంకె చూసుకోలేదు.”

మాస్టారు గిర్రున తిరిగారు. “నిన్నెవరడిగారు?”

“డైరెక్టరు గారు అడిగారు.”

“ఊ.” మాస్టారికి పట్టుకోవడానికి తప్పేమీ దొరకలేదు. “వాక్యం బాగానే ఉంది. కానీ సగమే. ఈ అమ్మాయి వదిలేసింది. నేను చదివి సరే అన్నాను. అంత మంచి క్రియలు చూసి మురిసిపోయాను, అంకె వంక చూడలేదు. ఇదీ పూర్తి వాక్యం, రాసుకోండి.”

గూక్ గారు రాసుకోలేదు. కిటికీలోంచి పుస్తకాల కట్టలున్న హాలు వైపు చూశాడు. “మళ్లీ అచ్చువేయడానికి టైము లేదు. ప్రతి పుస్తకంలోనూ దిద్దుబాటు చీటీ అంటించాలి. మా వాళ్లంతా సభ పనుల్లో ఉన్నారు, ఒక్కర్ని కూడా ఇవ్వలేను. అంటించేదెవరు?”

“మేము” అన్నారు మాస్టారు.

“మేము అంటే ఎంతమంది?” అన్నాడు గూక్ గారు, చాలా మర్యాదగా.

“ఇద్దరం.”

తిరిగొచ్చేటప్పుడు బస్సులో యున్‌సిల్ నెమ్మదిగా అడిగింది. “మాస్టారూ, అక్కడ అలా అన్నారేమిటి? వదిలివేయబడినది అని?”

“జలుబు చేసింది. జలుబులో ఏదో వచ్చేసింది” అని మాస్టారు కిటికీ వైపు తిరిగారు. ఆయనకు జలుబు లేదు.

చీటీ మాటలు యున్‌సిల్ రాసింది. ‘117వ పేజీలో 5 శాతం అన్నది తప్పు. 0.5 శాతం దాటగానే గాలి మర తిప్పండి. ఈ తప్పు అనువాదం చేసిన మేము చేశాం.’ అంకెను నాలుగుసార్లు చూసింది. మాస్టారు ఐదుసార్లు చూశారు. దుకాణం పిన్నిని పైకి పిలిచి ఆవిడ చేత కూడా చదివించారు.

బుధవారం పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఇద్దరూ అంటిస్తే నాలుగొందల ముప్ఫై పుస్తకాలయ్యాయి. యున్‌సిల్ వేళ్లు జిగురుకు అతుక్కుపోయాయి. ఎంత లెక్కేసినా శనివారానికి సగం కూడా కావు. “రేపు ఆరింటికే వస్తాను” అంది.

గురువారం ఆరింటికి వచ్చి హాలు తలుపు తోసేసరికి లోపల దీపాలు వెలుగుతున్నాయి. ఇరవై ముప్ఫై మంది కూర్చుని ఉన్నారు. ముందు బల్ల దగ్గర నలభై ఏళ్లు దాటిన ఒకావిడ ఎడమ చేత్తో బ్రష్షు పట్టుకుని జిగురు రాస్తోంది.

“నువ్వేనా ఫోను చేసిన అమ్మాయివి? నేను మల్‌సున్‌ని” అందావిడ. “నిన్న భోజనానికి వెళ్తే కల్‌గుక్సు పిన్ని చెప్పింది సంగతి. నేను ఇంకో ఇద్దరికి చెప్పాను. వాళ్లు ఇంకెవరికో చెప్పారు. నిలబడ్డావేం, చీటీలు అందించు.”

యున్‌సిల్ చీటీలు పట్టుకుని బల్లల మధ్య తిరిగింది. ఒకాయన గాజు గొట్టాలు ఊదేవాడు. ఒకావిడ పాతికేళ్లుగా ప్రయోగాల ఎలుకలకు మేత పెడుతోంది. మూలన ఎండిపోయిన కర్రలాంటి ఒక ముసలాయన, మధ్యమధ్యలో కళ్లద్దాలు తుడుచుకుంటూ ఒక్కో చీటీనీ గోటితో అదిమి అంటిస్తున్నాడు.

“తాతగారూ, మీరు మాస్టారికి ఏమవుతారు?” అంది.

“ఏమీ కాను. కొండ మీద వాతావరణ కేంద్రంలో పందొమ్మిదేళ్లు వాన కొలిచాను. మంచులో, గాలిలో, రోజూ పొద్దున తొమ్మిదింటికి. పుస్తకాల్లో మాత్రం ‘వర్షపాతం కొలవబడినది’ అని వచ్చేది. ఒకరోజు కొండ మీదికి ఫోనొచ్చింది. ఎవరు కొలిచారయ్యా అని అడిగాడు ఈయన. అంతకు ముందు ఆ మాట నన్నెవరూ అడగలేదు. తర్వాతి పుస్తకంలో నా పేరు వేయించాడు. మా ఆవిడకి చదువు రాదు. కానీ ఆ పేజీలో నా పేరెక్కడుందో వేలు పెట్టి చూపిస్తుంది.”

యున్‌సిల్ హాలంతా ఒకసారి కలియజూసింది. ఆ బల్లల దగ్గర కూర్చున్న వాళ్లలో చాలామంది ఏదో ఒక పుస్తకంలో, ఏదో ఒక పేజీ అడుగున, ఒక వాక్యంలో పేరై ఉన్నవాళ్లే. ఇరవై ఏళ్ల పాటు ఆ పెద్దాయన ఫోనెత్తి ఒక్కొక్కరినే తలుపు వెనక నుంచి బయటికి పిలిచారు.

మాస్టారు చివరి బల్ల దగ్గర తల వంచుకుని అంటిస్తున్నారు. యున్‌సిల్ వెళ్లి పక్కన కూర్చుని, ఒక పుస్తకంలో చీటీ అంటించి పక్కన పెట్టింది.

“మాస్టారూ, ఇన్నాళ్లూ మీరు వ్యాకరణం కోసం అడుగుతున్నారనుకున్నాను.”

“వ్యాకరణం కోసమే” అన్నారు మాస్టారు కోపంగా. ఆమె అప్పుడే పక్కన పెట్టిన పుస్తకం తీసి, కళ్లజోళ్లు మార్చుకుని చూశారు. “ఈ చీటీ వంకరగా అంటించావు.”

యున్‌సిల్ చీటీ నెమ్మదిగా ఊడదీసి, నిటారుగా మళ్లీ అంటించింది. ఇంకో పుస్తకం అందుకుంది. గురువారం మధ్యాహ్నానికే మూడు వేలూ పూర్తయ్యాయి. అప్పటికి గూక్ గారు కూడా చొక్కా చేతులు మడిచి, జిగురు డబ్బా ముందు కూర్చుని ఉన్నాడు.